లాడ్జి రూమా, ఇంట్లో చేసుకున్న ట్రెయిలరా? సీమలో తిరిగేవాళ్లకు ఏది సరిపోతుంది

కర్నూల్లో మా ఇంటి ముందు రెండు చక్రాల మీద ఒక తెల్ల రేకు పెట్టె నిలబడి ఉంటుంది. కారు వెనక తగిలించుకుని పోయే పడకగది అది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, లోపల కూర్చుంటే తల పైకి తగలనంత ఎత్తు. నాలుగు చలికాలాలుగా దాంతో గండికోట, బెలుం, యాగంటి, లేపాక్షి, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను తిరిగొచ్చాం. చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే: "మేమూ ఇట్లాంటిది చేయించుకుంటే లాడ్జి ఖర్చు తప్పుతుంది కదన్నా?"

చాలామందికి తప్పదనే చెప్తాను. ట్రెయిలర్ మీద నాకు ఎంత ఇష్టమున్నా, డబ్బు మిగులుతుందని దాన్ని చేయించుకోమని ఎవరికీ చెప్పలేను. గది దొరకని చోట, తెల్లారుజామున మనం ఉండాలనుకున్న చోటనే కళ్లు తెరవడానికి అది పనికొస్తుంది. ఆ సంగతి మీకు ఎంత ముఖ్యమో దాన్నిబట్టే మిగతా లెక్కంతా నడుస్తుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

ఏడాదికి ఎన్ని రాత్రులు బయట పడుకుంటారు? నోటిలెక్క వద్దు, పోయిన ఏడాది క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కపెట్టండి. బాగా తిరుగుతాం అనుకునే ఇళ్లలో కూడా పెళ్లిళ్లు, బంధువుల ఇళ్లు తీసేస్తే డబ్బు కట్టి పడుకున్న రాత్రులు ఎనిమిదో పదో తేలతాయి.

వెంట ఎవరొస్తారు? మోకాళ్ల నొప్పులున్న అమ్మ, చంటిపిల్ల ఉన్న చెల్లెలు వస్తుంటే ఒక లెక్క. భార్యాభర్తలిద్దరే పోతుంటే ఇంకో లెక్క. నాలుగున్నర అడుగుల వెడల్పులో ఇద్దరు పెద్దవాళ్లు పడుకోగలరు. మధ్యలో ఐదేళ్ల లోపు పిల్లాడికి చోటుంటుంది. అంతే.

ఏ నెలల్లో పోతారు? మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం అన్నీ 40 డిగ్రీలు దాటేస్తాయి.

ఇక బాత్‌రూమ్. ప్లాన్ వేసేటప్పుడు దీని గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి ప్రయాణంలో తెల్లారి ఐదు గంటలకు మాత్రం అందరి మనసులో అదొక్కటే ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్లను అడగకుండా ఈ విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

| | లాడ్జి, టూరిజం హోటల్, సత్రం | టెంటు | కారులోనే పడక | సొంత ట్రెయిలర్ |
|---|---|---|---|---|
| మొదట పెట్టే డబ్బు | ఏమీ లేదు | తక్కువ | ఇంకా తక్కువ | లక్ష దాటుతుంది |
| మండు వేసవి | ఏసీ గది ఉంటే హాయి | కుదరదు | కుదరదు | కుదరదు |
| పెద్ద వాన | టెన్షన్ లేదు | కష్టం | పర్వాలేదు | బాగుంటుంది |
| బాత్‌రూమ్ | గదిలోనే | వెతుక్కోవాలి | వెతుక్కోవాలి | వెతుక్కోవాలి |
| ఘాట్ రోడ్లు, ఇరుకు సందులు | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు | జాగ్రత్తగా నడపాలి, రివర్స్ కష్టం |
| కాగితాల పని | ఆధార్ చాలు | లేదు | లేదు | చాలా ఉంది |
| నిద్ర | గదినిబట్టి | నేలనిబట్టి | ఒక రాత్రికి సరే | ఇంట్లో లాగే |

లాడ్జి, టూరిజం హోటల్, సత్రం

తాళం తీసి, ఫ్యాన్ వేసి, వేన్నీళ్లతో స్నానం చేసి పడుకోవచ్చు. రోజంతా బెలుం గుహల్లో చెమటోడ్చి నడిచి వచ్చాక ఆ స్నానం విలువ తెలుస్తుంది. గండికోటలో, బెలుంలో టూరిజం శాఖ హరిత హోటళ్లు ఉన్నాయి. మంత్రాలయంలో మఠం గదులు, శ్రీశైలంలో ఎన్నో సత్రాలు ఉన్నాయి. పెద్దవాళ్లతో క్షేత్రాలకు పోయేవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా గదే తీసుకోండి.

లాడ్జితో వచ్చే చిక్కు రద్దీ రోజుల్లోనే. కార్తీక మాసంలో ఒకసారి ఒక క్షేత్రంలో ఫోన్ మీద గది చెప్పుకుని, రాత్రి తొమ్మిదిన్నరకు చేరాం. మాకు చెప్పిన గది ఇంకొకరికి ఇచ్చేశారు. మా అమ్మ ఆ రాత్రి హాల్లో చాప మీద, చేతిసంచి తలకింద పెట్టుకుని పడుకుంది. తెల్లారేసరికి మోకాలు వంగలేదు. ట్రెయిలర్ ఆలోచన నాకు ఆ రాత్రే పుట్టింది. అయితే ఇప్పుడు అమ్మ వస్తే మేము ట్రెయిలర్ తీసుకుపోం. నెల ముందే గది బుక్ చేసి, డబ్బు కట్టి, రసీదు దగ్గర పెట్టుకుంటాం. అమ్మ ఇబ్బందికి పరిష్కారం అదే, ట్రెయిలర్ కాదు. ఇది నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

రెండో చిక్కు దూరం. గండికోటలో పెన్నా లోయ మీద ఎండ పడేది పొద్దున మొదటి అరగంటలో. ఎర్రరాయి ఆ కొద్దిసేపు మండుతున్నట్టు కనిపించి తర్వాత మామూలు గోధుమరంగుకు వచ్చేస్తుంది. కోట దగ్గర గది దొరక్క జమ్మలమడుగులో దిగితే చీకట్లో లేచి పదిహేను కిలోమీటర్లు రావాలి. పిల్లలతో అది ఎప్పుడూ కుదరదు.

టెంటు

ఖర్చు తక్కువ, డిక్కీలో పడుంటుంది, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. కానీ మన నేల టెంటుకు అనుకూలం కాదు. గండికోటలో చాలాచోట్ల మేకు దిగదు, కింద బండ. రాళ్లు కట్టి నిలబెట్టాలి. బండ లేని చోట కంపముళ్లు, వాటితోపాటు తేళ్లు. అనంతపురం వైపు గాలి సంగతి చెప్పనక్కర్లేదు, రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. గండికోటలో టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. ఒక రాత్రి సరదాకు కొనడం కన్నా అద్దె మేలు. కుర్రాళ్ల గుంపుకు ఇదే సరైనది.

కారులోనే పడక

సీట్లు తీసేయగలిగిన వ్యాను గానీ, వెనక సీటు పూర్తిగా మడిచేయగలిగిన పెద్ద కారు గానీ మీ దగ్గర ఉంటే, ట్రెయిలర్ గురించి ఆలోచించే ముందు ఒక చలికాలం ఇది చేసి చూడండి. పైన వేసుకోవడానికి నాలుగంగుళాల ఫోమ్ పరుపు, కిటికీలకు దోమతెర గుడ్డ, లోపలికి కనిపించకుండా నల్లగుడ్డ ఉంటే చాలు. బాత్‌రూమ్ ఇబ్బంది మీ ఇంట్లో భరించగలరా, కొత్త చోట ఆరుబయట నిద్ర పడుతుందా, రాత్రి బండి ఆపుకోవడానికి చోటు అడగడం మీకు మొహమాటమా అన్నవన్నీ అయిదువేల రూపాయల లోపు తెలిసిపోతాయి. మాకు తెలిసిన రెండు కుటుంబాలు ఇక్కడితోనే ఆగిపోయాయి, హాయిగా తిరుగుతున్నాయి.

ఒక్క జాగ్రత్త. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టి పడుకోవద్దు. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. ట్రెయిలర్‌లో తలుపులు మూసుకుని స్టవ్ వెలిగించడం కూడా ఇంతే ప్రమాదం. స్టవ్ ఎప్పుడూ బయటే.

సొంత ట్రెయిలర్

అమెరికాలో 1930ల నుంచి జనం ఇంటి షెడ్డులో ఇట్లాంటి చిన్న ట్రెయిలర్లు చేసుకుంటున్నారు. ముందువైపు గుండ్రంగా, వెనక్కి సన్నబడుతూ నీటిబొట్టు ఆకారంలో ఉంటాయి. పడక లోపల, వంటగది వెనక. వెనక మూత పైకి లేపితే అదే వంట చేసేవాళ్లకు నీడ. మోటెల్ గది అద్దె తప్పించుకోవడానికి అక్కడ అది బాగా పనికొస్తుంది. ఎందుకంటే రాత్రి ట్రెయిలర్ ఆపుకోవడానికి నీళ్లు, కరెంటు, బాత్‌రూమ్ ఉన్న క్యాంపు స్థలాలు ఊరూరా ఉంటాయి. మన దగ్గర అవి లేవు. అక్కడి వీడియోలు చూసి చేయించుకోవాలనుకునేవాళ్లు ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోవాలి.

కాగితాలతో మొదలుపెడతాను. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. ట్రాక్టర్ ట్రాలీలు చేసే షాపులో ఇరుసు వేయించి, పైన పెట్టె బిగించి రోడ్డెక్కించేస్తే అది చట్టం ఒప్పుకునే బండి కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ పైసా రాదు. కారుకు మార్పులు చేయడం మీద కూడా అదే చట్టంలో 52వ సెక్షన్ ఆంక్షలు ఉన్నాయి. మేము చాసిస్, అంటే పెట్టె కూర్చునే కింది చట్రం వరకు అప్రూవల్ కాగితం ఉన్న తయారీదారు దగ్గర కొని, పైన పెట్టె మాత్రం మా బామ్మర్ది వెల్డింగ్ షాపులో చేసుకున్నాం. మీరు ఒక్క పైపు కోయించకముందే ఆర్టీవో ఆఫీసుకు పోయి, డ్రాయింగ్ చూపించి, ఏమేం కావాలో రాయించుకోండి. మీ కారు మాన్యువల్ కూడా తెరిచి చూడండి. కొన్ని మోడళ్లలో ట్రెయిలర్ లాగొద్దనే రాసి ఉంటుంది. అట్లా రాసి ఉంటే ఈ ఆలోచన అక్కడితో వదిలేయడమే.

రెండోది బరువు. దీని గురించి నేను నేర్చుకున్న పాఠం రోడ్డు మీదే నేర్చుకున్నాను. మొదటి ప్రయాణంలో బనగానపల్లె దాటి కొలిమిగుండ్ల వైపు పోతున్నాం. స్పీడు 65 ఉంటుంది. ఒక లారీ పక్కనుంచి దాటుకుపోయింది. ఆ గాలికి వెనక పెట్టె ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. ఆగుతుందనుకుంటే ఊగడం పెరిగింది. స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది. బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ వదిలేసి, బండి తనంతట తను నెమ్మదించేదాకా స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నాను. పక్కకు ఆపి వెనక మూత తీస్తే కారణం కనిపించింది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, గిన్నెల పెట్టె, బియ్యం, అన్నీ ఇరుసుకు వెనకే సర్దాం. ముక్కు తేలికై తోక బరువెక్కింది.

ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందువైపు, అంటే కారు కొక్కెం మీద పడాలి. మా ట్రెయిలర్ సామాన్లతో 380 కిలోలు. కొక్కెం మీద 38 నుంచి 57 కిలోల మధ్య ఉండాలి. ఇది చూసుకోవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. చదునైన నేల మీద మిషన్ పెట్టి, దాని మీద కొక్కెం ఎత్తుకు సరిపడా చెక్క దిమ్మె నిలబెట్టి, ట్రెయిలర్ ముక్కు దాని మీద ఆనించండి. చూపించిన అంకెలో దిమ్మె బరువు తీసేస్తే చాలు. మొత్తం బరువు ఏ వేబ్రిడ్జిలోనైనా తూయించుకోవచ్చు. ఇప్పుడు మా నీళ్ల క్యాన్లు ఇరుసుకు ముందే ఉంటాయి. 60 దాటి నడపం. కొక్కెం ఊడినా ట్రెయిలర్ రోడ్డు మీద పడిపోకుండా రెండు సేఫ్టీ చైన్లు ముక్కు కింద అడ్డంగా దాటించి కట్టుకుంటాం.

మూడోది చెమ్మ. డిసెంబర్‌లో గండికోటలో చలికి భయపడి గాలి రంధ్రాలన్నీ మూసి పడుకున్నాం. తెల్లారుజామున నుదుటి మీద చల్లగా చుక్క పడి లేచాను. టార్చి వేస్తే పైకప్పు రేకు అంచున వరసగా నీటి బొట్లు, దుప్పటి చివర తడి. వాన కాదు, మా ఇద్దరి ఊపిరే రేకుకు తగిలి నీరైంది. ఆ తర్వాత రేకుకు, లోపలి ప్లైవుడ్‌కు మధ్య ఫోమ్ షీటు పెట్టించాం. ఒకవైపు కింద, ఎదురువైపు పైన దోమతెర వేసిన రంధ్రాలు రెండు ఎప్పుడూ తెరిచే ఉంచుతాం. చేయించుకునేవాళ్లు మొదటే ఈ పని చేయించండి, తర్వాత ప్లైవుడ్ పీకి చేయాలంటే రెట్టింపు పని.

కరెంటుకు మాత్రం మన దగ్గర లోటు లేదు. ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టిన ఎండ మనది. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలో లెక్కకు 1,200 వాట్-అవర్లు ఉంటాయి (ఒక వాటు వస్తువు గంటసేపు తాగే కరెంటు ఒక వాట్-అవర్). అది పాడవకుండా వాడుకోగలిగేది సగం, అంటే 600. రాత్రంతా చిన్న ఫ్యాన్ తిరిగితే 180, లైటుకు 20, రెండు ఫోన్లకు 30. రాత్రికి 230 అనుకుంటే రెండు రాత్రులు ఎండ లేకపోయినా గడుస్తాయి. ఏసీ గురించి అడుగుతారు. చిన్న ఏసీ కూడా ముప్పావు గంటలో ఆ బ్యాటరీని తాగేస్తుంది. అందుకే మా ట్రెయిలర్ మార్చి నుంచి జూన్ దాకా గుడ్డ కప్పుకుని ఇంటి ముందే ఉంటుంది. ఫోమ్ షీటు ఎంత మందం వేసినా అది వేడిని ఆలస్యం చేస్తుంది గానీ ఆపలేదు. పగలంతా కాగిన పెట్టె రాత్రి పదకొండుకు కూడా కుంపటిలా ఉంటుంది.

రాత్రి ఎక్కడ ఆపాలి

అన్నిటికన్నా మంచి చోటు తెలిసినవాళ్ల తోట. నీళ్లు, మనుషులు, భయం లేని నిద్ర. తర్వాత హైవే మీద లైట్లుండే పెద్ద దాబాలు, పెట్రోల్ బంకులు. 44వ నంబర్ హైవే మీద డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ దారిలో వీటికి కొదవ లేదు. మా పద్ధతి ఒకటే. ముందు అక్కడ భోజనం చేస్తాం, తర్వాత యజమాని దగ్గరికి పోయి "ఈ రాత్రికి బండి ఇక్కడ పెట్టుకుంటామన్నా, పొద్దున్నే పోతాం" అని అడుగుతాం. బాత్‌రూమ్ వాడుకుంటామని కూడా అప్పుడే చెప్పి, డబ్బు ఇస్తాం. అడిగినచోట కాదన్నది తక్కువే. కాదన్నచోట రెండోమాట లేకుండా బయల్దేరతాం.

ఆపకూడని చోట్లు రెండు. మొదటిది అడవి. నల్లమలలో ఎక్కువ భాగం పులుల అభయారణ్యం. శ్రీశైలం పోయే దారిలో రాత్రిపూట గేట్లు మూసేస్తారు, పర్మిషన్ లేకుండా అడవిలో మకాం వేయడం నేరం. శ్రీశైలానికి, అహోబిలానికి ట్రెయిలర్ వద్దనే నా మాట. ఘాట్ మలుపుల్లో లాగడం కష్టం, పైన పెట్టుకోవడానికి చోటు కష్టం.

రెండోది నీటి దారి. పెన్నా, చెయ్యేరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకమేటలుగానే కనిపిస్తాయి. మెత్తటి ఇసుక, చల్లటి గాలి చూసి అక్కడే ఆగాలనిపిస్తుంది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చింది. 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు ఊళ్లను ముంచేసింది. మనమున్నచోట ఆకాశం తేటగా ఉన్నా పైన ఎక్కడో కురిసిన వాన రాత్రికి వంకలోకి దిగొచ్చు. వంకలో, ఏటి ఇసుకలో బండి పెట్టొద్దు, ఒక్క గంట కునుక్కైనా సరే.

డబ్బు లెక్క

చాసిస్, చక్రాలు, పెట్టె, పరుపు, బ్యాటరీ, సోలార్ ప్యానెల్, కారుకు కొక్కెం, కాగితాలు అన్నీ కలిపి మాకు 1,80,000 రూపాయలు అయింది. గది అద్దె 1,500 అనుకుందాం. ట్రెయిలర్ పెట్టుకున్నచోట స్నానానికి, బాత్‌రూమ్‌కు 300 ఇస్తాం. రాత్రికి మిగిలేది 1,200. ఇక్కడిదాకా చూస్తే 150 రాత్రుల్లో పెట్టుబడి తిరిగొచ్చినట్టు కనిపిస్తుంది.

డీజిల్ లెక్కలోకి తెస్తే అది మారిపోతుంది. మా కారు మామూలుగా లీటరుకు 16 ఇస్తుంది, ట్రెయిలర్‌తో 12. నాలుగొందల కిలోమీటర్ల ప్రయాణానికి ఎనిమిది లీటర్లు ఎక్కువ తాగుతుంది, అంటే సుమారు 800 రూపాయలు. రెండు రాత్రుల ప్రయాణమైతే మిగిలే 2,400లో 800 పోయి 1,600. రాత్రికి 800 చొప్పున 225 రాత్రులు కావాలి. ఏడాదికి 15 రాత్రులు తిరిగే ఇంటికి అది పదిహేనేళ్లు. అంతలో టైర్లు మారతాయి, బ్యాటరీలు మారతాయి.

అదే ఒక్కో ప్రయాణంలో నాలుగు రాత్రులు ఉండి, ఏడాదికి 30 రాత్రులు తిరిగేవాళ్లకు రాత్రికి వెయ్యి మిగిలి ఆరేళ్లలో తేలుతుంది. రిటైరై, చలికాలమంతా తీరిగ్గా తిరగగలిగిన దంపతులకు ఈ లెక్క నిజంగా కలిసొస్తుంది. వంట మనమే చేసుకుంటే హోటల్ ఖర్చు కూడా తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది. కానీ స్టవ్ డిక్కీలో పెట్టుకుని పోయినా అంతే తగ్గుతుంది, దానికి ట్రెయిలర్ అక్కర్లేదు.

ఎవరికి ఏది

పెద్దవాళ్లు వెంట ఉంటే, లేదా మీ ప్రయాణాలన్నీ దర్శనాల కోసమే అయితే గది. వేసవి సెలవుల్లో మాత్రమే వీలు దొరికే ఉద్యోగస్తులకు కూడా గదే, అదీ ఏసీతో. పెళ్లికాని కుర్రాళ్లకు అద్దె టెంటు. ఇద్దరు పిల్లలు పదేళ్లు దాటిన కుటుంబానికి చిన్న ట్రెయిలర్ చాలదు, పెద్దది మామూలు కారు లాగలేదు. వాళ్లు ట్రెయిలర్ పక్కన టెంటు కూడా వేయాల్సి వస్తుంది. అప్పుడు రెండు గదులు తీసుకోవడమే సుఖం.

ఫొటోలు తీసేవాళ్లు, పక్షుల కోసం తిరిగేవాళ్లు, పాత కోటలు, శాసనాలు చూస్తూ ఊళ్లకు ఊళ్లు తిరిగేవాళ్లు, చలికాలంలో వారాలకు వారాలు ఖాళీ ఉన్న దంపతులు చేయించుకోండి. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గోపురం రాళ్ల మీద పొద్దువాలే ఎండ పడేదాకా ఉండి, ఎక్కడ దిగాలన్న తొందర లేకుండా దాబా ముందు జొన్నరొట్టె తిని, సొంత పరుపు మీద పడుకోవడం నాకైతే 1,80,000కు తగిన సుఖమే.

చేయించుకోవాలని గట్టిగా అనిపిస్తే ఒక ఆదివారం రాత్రి హాల్లో సుద్దముక్కతో ఎనిమిదడుగులకు నాలుగున్నర అడుగుల గీత గీయండి. ప్రయాణం సంచులు కూడా ఆ గీత లోపలే పెట్టుకుని, ఇద్దరూ అందులోనే తెల్లారేదాకా పడుకోండి. మా ఆవిడ ఆ రాత్రి లేచి, సంచులకు కాళ్ల దగ్గర అర కావాలని కొలత వేసి చెప్పింది. ఇప్పటికీ ట్రెయిలర్‌లో మేము ఎక్కువగా వాడేది ఆ అరనే.